రాణి వేషగాడూ సారా అలివేలమ్మా

జమ్మలమడుగు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే కోదండపాణి, ముప్పై నాలుగేళ్లపాటు పద్యనాటకాల్లో ఆడవేషం కట్టాడు. పగలు అమ్మకాలు, దానపత్రాలు, భాగపరిష్కారాలు రాసేవాడు. నాటకం ఉన్న రోజు సాయంత్రం నాలుగింటికే బల్ల మీది కాగితాలు సర్ది, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచేవాడు. ఆ సంచిలో తలంతా కప్పే ఒక సవరం, రెండు పట్టుచీరలు, రంగుల డబ్బా, చెయ్యి పట్టేంత అద్దం ఉండేవి. యుద్ధంలో భర్తను పోగొట్టుకుని శవం ముందు కూర్చుని ఏడ్చే రాణి వేషానికి ఆయన పెట్టింది పేరు. పోస్టర్ల మీద ‘జమ్మలమడుగు పాణి’ అని మాత్రమే వేయించేవాడు. దూరపు పల్లెల వాళ్లు చాలామంది అది ఆడమనిషి పేరే అనుకునేవాళ్లు.

నేను ప్రొద్దుటూరులో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా అన్నదమ్ముల భాగపరిష్కారం రాయించుకోవడానికి పోయినప్పుడు ఆయనతో పరిచయమైంది. ఇక్కడ రాసేదాంట్లో కొంత ఆయన చెప్పింది, కొంత అలివేలమ్మ చెప్పింది. మిగతాది వాళ్ల నాటకాలకు హార్మోనియం వాయించే చాంద్ బాషా చెప్పాడు. అతను చెప్పినదాంట్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే ఉండొచ్చు.

కోదండపాణి తండ్రి రామాలయంలో అర్చకుడు. ఇరవయ్యేళ్లప్పుడు కొడుకు నాటకాల వెంట తిరుగుతూ తెర వెనక నిలబడి పద్యాలు అందిస్తుంటే ఆయన పట్టించుకోలేదు. పద్యం నోటికొస్తే మంచిదేగా అనుకున్నాడు. ఒకసారి ముద్దనూరు దగ్గరి పల్లెలో ఆట. ప్రొద్దుటూరు నుంచి రావలసిన ఆడమనిషి జ్వరమొచ్చి రాలేదు. రాణి లేకుండా ఆట నడవదు. పద్యాలన్నీ నోటికి వచ్చినవాడు ఒక్క పాణే. చీర కట్టి నిలబెట్టారు. తెల్లవారేసరికి ముందు వరసలో ఉన్న ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరూ ఆ వేషానికి ఇంకొకరిని పిలవలేదు.

సంగతి తెలిసి తండ్రి వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత గుడిలోకి రానిచ్చాడు గానీ, గర్భగుడిలోకి మాత్రం అడుగు పెట్టవద్దన్నాడు. పెళ్లి విషయంలోనూ అంతే అయింది. కడప దగ్గరి ఖాజీపేట నుంచి ఒక మంచి సంబంధం వచ్చి, తాంబూలాల దాకా పోయింది. పిల్ల తండ్రి దారిలో పనిబడి ఒక ఊళ్లో ఆగి, అక్కడ జరుగుతున్న నాటకం చూశాడు. మరుసటి రోజు వచ్చి, "అబ్బాయి మంచివాడే. కానీ రాత్రి నేను చూసిన మనిషికి నా కూతుర్ని ఎట్లా ఇచ్చేది?" అని ఉన్నమాట చెప్పి వెళ్లిపోయాడు. ఆయన మీద పాణికి కోపం రాలేదు. "ఆయన తప్పేం లేదు, నేను అంత బాగా చేసినాను" అని నవ్వుతూ చెప్పేవాడు. తండ్రి, తర్వాత తల్లి పోయారు. అన్న కుటుంబం కడపకు మారింది. పాణి పాత ఇంటి ముందు గదిలో ఒక్కడే వండుకుని తింటూ యాభై దాటాడు.

కరోనా వచ్చి రెండేళ్లు నాటకాలు ఆగిపోయాయి. మళ్లీ మొదలైన కొత్తలో, 2022 ఫిబ్రవరిలో, పులివెందుల వైపు గండికి ఆవల కొండ అంచున ఉన్న ఒక పల్లెలో గ్రామదేవతకు దేవర జరిగితే వీళ్ల ఆట పెట్టించారు. తెల్లవారి ఆట ముగిసింది. రంగులు కడుక్కోవడానికి బడిగది ఇచ్చారు. పాణి సవరం తీసేసి, చీర విప్పి పంచె కట్టుకుని, కొబ్బరినూనె గుడ్డతో ముఖం తుడుచుకుంటున్నాడు. సగం ముఖం రాణిది, సగం ఆయనది. అప్పుడు ఒకామె వాకిట్లో నిలబడింది. నలభై అయిదేళ్లు ఉంటాయి. ఎండకు నల్లబడిన మనిషి, గట్టి మనిషి. చేతిలో మడత విప్పని చీర ఉంది.

"రాణి వేషం కట్టినమ్మ యాడుందప్పా?" అంది.

"నేనేనమ్మా" అన్నాడు పాణి.

ఆమె ఆయన బట్టతలనూ, ఒంటి మీది జంధ్యాన్నీ, సగం చెరిగిన కాటుకనూ వరసగా చూసింది.

"నువ్వు మొగోనివి గదా సామీ."

"అవునమ్మా."

ఆమె అక్కడున్న పిల్లల బెంచీ మీద కూలబడింది. "ఒక మొగోడు ఏడుస్తాంటే సూసి నేను రేయంతా ఏడిచినానా" అంది. చాంద్ బాషా హార్మోనియం పెట్టె సర్దుతూ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

"ఆ యమ్మకు పెడదామని ఈ చీర తెచ్చినా. ఇప్పుడేం జేసేది?"

"ఇవ్వండి. కట్టుకునేది నేనే కదా" అన్నాడు పాణి. నవ్వులాటకు అనలేదు. రెండు చేతులూ చాచి తీసుకుని, కళ్లకు అద్దుకుని, పక్కన పెట్టాడు. అప్పటిదాకా ఆయనకు చీర పెట్టినవాళ్లు లేరు. ఆయన కళ్లకు అద్దుకోవడం ఆమె గమనించింది.

"ఒక్క మాట అడుగుతా. ఆ ఏడుపు యాడ నేర్సుకున్నావు?"

"మొదట్లో పద్యమొక్కటే వచ్చేది. ఈ ఏడుపు మాత్రం మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఏడ్చింది చూసి."

"నేనూ ఒకామెను అట్లనే సూసినా" అని ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. అంతలో ఊరి మనిషి ఒకడు పరుగున వచ్చాడు.

"అలివేలక్కా, ఎక్సైజోళ్లు వచ్చినారు. ఊరికి రెండు పక్కలా జీపులు పెట్టినారు. నువ్వు ఆట సూడను దిగొచ్చినావని ఎవడో చెప్పినాడు."

ఆ ప్రాంతంలో అలివేలమ్మ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆమెది ఆ ఊరి కాపు కుటుంబమే. కొండ కింద చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉండేది. బోరు ఎండి చెట్లు పోయాక భర్త నాగేంద్ర కొండలో సారా కాయడం మొదలుపెట్టాడు. అతను మోటార్‌సైకిలు మీద నుంచి పడి చనిపోయాక ఆ పని ఆమె చేతికి వచ్చింది. నల్లబెల్లం ఊట ఎన్నాళ్లు పులియాలో, మంట ఎంత ఉండాలో ఆమెకు భర్త కంటే బాగా తెలుసు. రెండు కేసులు పెట్టి, రెండుసార్లూ తహసీల్దారు ముందు బైండోవర్ చేశారు. ఇక కాయనని వేలిముద్ర వేసి, తిరిగొచ్చి కాసింది. మూడో కేసులో వారంటు తీస్తే కొండ ఎక్కింది. రెండు నెలలుగా పశువుల దొడ్లలో, రాళ్ల సందుల్లో ఉంటోంది. అధికారుల లెక్కలో ఆమె పరారీలో ఉన్న ముద్దాయి. ఊళ్లో వాళ్లకు మాత్రం సారా అలివేలమ్మ.

ఇవేవీ అప్పుడు పాణికి తెలియవు. ఆయన చూసింది ఒక్కటే, ఆమె పరిగెత్తలేదు. బెంచీ మీదే కూర్చుని, "ఇంగ పట్టుకోనీలే. కాళ్లు నొప్పులు పెడ్తాండాయి" అంది.

"బాషా, వ్యాను వాకిట్లోకి తెప్పించు" అన్నాడు పాణి.

"సామీ, మనకెందుకు?" అన్నాడు చాంద్ బాషా.

పాణి అప్పటికే రంగుల డబ్బా తెరిచాడు. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, "కళ్లు మూసుకోండి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా తన ముఖానికి తప్ప ఎవరి ముఖానికీ రంగు వేయని మనిషి. చెంపలకు రంగు పూశాడు, కనుబొమలు దిద్దాడు, కాటుక పెట్టి కొంచెం చెరిపాడు. రాత్రంతా ఏడ్చిన రాణి కదా. తన జరీ చీర ఆమె చీర మీదే చుట్టి, సవరం తలకు పెట్టాడు. అంతా కలిపి పది నిమిషాలు. వ్యాను ఎక్కుతూ తన ముఖం మీద మిగిలిన రంగు తుడిచేసుకున్నాడు. నాగేంద్ర పోయాక తన ముఖం మీద ఒకరి చెయ్యి పడటం అదే మొదటిసారని చాలా రోజుల తర్వాత ఆమె చెప్పింది.

పులివెందుల రోడ్డెక్కే చోట వ్యాను ఆపారు. ఎక్సైజు ఎస్సై వివేక్ కుర్రవాడు. తలుపు తీయించి లోపల ఉన్నవాళ్లను వరసగా చూశాడు. రాజు, మంత్రి, తబలా మనిషి, హార్మోనియం, కిటికీ పక్కన రాణి.

"ఈమె ఎవరు?"

"రాణి వేషం ఈమెదే సార్. జమ్మలమడుగు పాణి" అన్నాడు పాణి, తన పేరే చెప్పి.

ఎస్సై ముఖం మెత్తబడింది. "రాత్రి బందోబస్తులో ఉండి చూసినానమ్మా. నేను పుట్టి బుద్ధెరిగాక అట్లాంటి పద్యం వినలేదు. ఒకటి రెండు పాదాలు వినిపిస్తారా?"

అలివేలమ్మ తల వంచుకుంది. "తెల్లవార్లూ పాడి గొంతు పోయింది సార్. ఆట అయినాక మూడు రోజులు మాట్లాడవద్దని డాక్టరు చెప్పినాడు" అన్నాడు పాణి.

"మరి మీరేం వేషం?"

"నేను సేనాధిపతి సార్."

"అయితే మీరే ఒకటి అందుకోండి."

తన గొంతుతో పాడితే రెండో పాదానికే ఎస్సై పోల్చుకుంటాడు. పాణి సేనాధిపతి పద్యం ఎత్తుకుని, కావాలని శ్రుతి తప్పి, మాటలు మింగి, రాగం విరిచి పాడాడు. చాంద్ బాషా ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ చెవులు మూసుకుంటాడు. ఎస్సై నవ్వి, "మీరు కత్తి పట్టుకుని నిలబడితే చాలు సార్" అని, అలివేలమ్మ వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "మీ కళ గొప్పదమ్మా" అని వ్యానును వదిలేశాడు.

మైలు దాటాక ఆమె ఏడవడం మొదలుపెట్టింది. రంగంతా చెంపల మీదుగా కారిపోయింది. "నీ పేరు, నీ పొగడ్త అన్నీ నేను తీసుకుంటి సామీ. నాకెందుకు పెట్టించినావు ఆ నమస్కారం" అంది. పాణి మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

ప్రొద్దుటూరులో చాంద్ బాషా ఇంట్లోనే నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే కొట్టు ఉంది. అతని భార్య సకీనా కిరీటాలకు పూసలు కుడుతుంది, పాత జాకెట్లు సరిచేస్తుంది. వచ్చినామె ఎవరో భర్త చెప్పగానే ఆమె భయపడింది. కానీ బయటికి పొమ్మనలేదు. "ఉండక్కా. సూదిపని వస్తాదా?" అని అడిగింది. అలివేలమ్మకు రాదు. రెండు రోజుల్లో నేర్చుకుంది.

కోదండపాణి రోజూ సాయంత్రం జమ్మలమడుగు నుంచి బస్సెక్కి రావడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఆమె కేసుల సంగతి కనుక్కోవడానికి వచ్చాడు. రెండో రోజు ఆమె నోటీసులు చదివి వినిపించడానికి. మూడో రోజు ఏ సాకూ దొరక్క, సవరం మర్చిపోయానని వచ్చాడు. సవరం ఆయన సంచిలోనే ఉందని సకీనా చూసింది. రెండో వారానికి ఆమె నలుగురికీ కలిపి అన్నం వండడం అలవాటు చేసుకుంది.

ఇద్దరూ అరుగు మీద ఎడంగా కూర్చునేవాళ్లు. ఆమె కిరీటానికి పూసలు కుడుతూ కొండ గురించి చెప్పేది. ఆయన వినేవాడు. ఆయన మాట్లాడితే దస్తావేజుల గురించి, ఎవరు ఎవరితో ఎందుకు పోట్లాడి వచ్చారన్న సంగతుల గురించి. ఆమెకు అవి బాగా నచ్చేవి. "పొలం గట్టు మీద రాయి యాడుండాలనేదానికి ఇంత రాతనా" అని ఆశ్చర్యపోయేది. తను ఆడవేషం కట్టడం గురించి ఆమె ఎప్పుడూ ఎగతాళిగా మాట్లాడలేదని పాణి గమనించాడు. ఒకరోజు ఆయనే అడిగాడు.

"మీకు నవ్వు రాదా, నేను చీర కట్టి ఆడతానంటే?"

"ఎందుకొస్తాది? నేను మొగోళ్లు చేసే పనే చేసినా గదా ఇన్నేళ్లు. నన్ను చూసి ఎవరూ నవ్వలా, భయపడినారు అంతే" అంది. తర్వాత, ఆ రోజు బడిగదిలో ఆగిపోయిన మాట చెప్పింది.

వాళ్ల ఊళ్లో ఆదినారాయణ అనే రైతు ఆరేళ్లు ఆమె దగ్గరే సారా తాగాడు. పొద్దునా, రాత్రీ. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి, నలభై దాటకుండా పోయాడు. అలివేలమ్మ శవాన్ని చూడటానికి పోయింది. అతని భార్య హేమలత శవం పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఈమెను చూసి ఏడుపు ఆపింది. తిట్టలేదు, పొమ్మనలేదు. ఈమె వెళ్లిపోయేదాకా అట్లాగే చూసి, తర్వాత మళ్లీ ఏడ్చింది.

"దేవరలో నువ్వు ఏడుస్తాంటే నాకు హేమలతే కనిపించింది సామీ. ఆమె కొట్టింటే బాగుండు. కొండ మీద పండుకుంటే అదే కనపడ్తాండ్య. పోలీసోళ్ల నుంచి కాదు నేను తప్పించుకుంది."

ఆ రాత్రి పాణి ఇంటికి పోయి ఆలోచించాడు. మరుసటి రోజు వచ్చి, అంతవరకూ జీవితంలో ఎవరితోనూ అనని మాట అన్నాడు.

"బళ్లారిలో నాకు తెలిసిన నాటక కంపెనీ ఉంది. వాళ్లు తెలుగు నాటకాలూ ఆడతారు. నాకు వేషం ఇస్తారు. పొలిమేర దాటితే ఇక్కడివాళ్లు అంత వెతకరు. మీరు వస్తానంటే నేను దస్తావేజుల పని వదిలేసి వస్తాను."

ఆమె సూది పక్కన పెట్టింది. "నాతో లేచొస్తానంటాండావా?"

"అవును."

"ఈ వయసులో?"

"ముందు ఎవరూ కనబడలేదు."

ఆమె సూది మళ్లీ అందుకుంది. "నువ్వు రావద్దు. నీకు దొంగబతుకు రాదు సామీ. వ్యాన్లో తప్పు పాట పాడినందుకే రెండు రోజులు అన్నం తినలేదంట, బాషన్న చెప్పినాడు. నేనే పోతా. కోర్టుకు పోతా. నాకు లాయరును సూడు" అంది.

పాణి వద్దన్నాడు, వారం రోజులు బతిమాలాడు. సకీనా కూడా చెప్పి చూసింది. ఆమె వినలేదు. మార్చి నెలలో ఒక సోమవారం పొద్దున ఆయనే ఆమెను పులివెందుల కోర్టుకు తీసుకుపోయాడు. ముద్దనూరు మీదుగా బస్సు. థర్మల్ విద్యుత్ కేంద్రం గొట్టాల పొగ కనబడే చోట ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. పులివెందుల బస్టాండు వచ్చేవరకూ వదల్లేదు. బస్సులో వాళ్లు చూస్తున్నారని ఆయనకు తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

లాయరు ఆమెకు కాదనమని నేర్పాడు. జడ్జి అడిగితే ఆమె, "కాసినా దొరా. రెండు కేసులూ నిజమే. మూడోది మాత్రం నాది కాదు, ఆ దినం నేను ఊర్లో లేను" అంది. మూడోది కొట్టేశారు. రెండింటికీ కలిపి ఏడాది శిక్ష పడింది. కడప ఆడవాళ్ల జైలుకు పంపారు.

ప్రతి శనివారం పాణి కడపకు పోయేవాడు. ములాఖత్ రిజిస్టరులో ఖైదీకి ఏమవుతారో రాయాలి. మొదటిసారి ‘పరిచయస్తుడు’ అని రాశాడు. తర్వాత ‘స్నేహితుడు’ అని రాశాడు. ఈ సంగతి విని ఆమె కమ్మీల అవతల నవ్వింది. "ఈ వయసులో ఆడమనిషికి స్నేహితుడేంది సామీ, ఈడ అందరూ అడుగుతాండారు" అంది. నాలుగో వారం ఆయన ఆ గడిలో ఏమీ రాయలేకపోయాడు. వేలకొద్దీ దస్తావేజుల్లో ఏ గడీ ఖాళీ వదలని మనిషి పెన్ను పట్టుకుని నిలబడిపోయాడు. గార్డు విసుక్కుని లోపలికి పోయి అలివేలమ్మనే అడిగింది. "నా మనిషి అని రాసుకోమ్మా" అని ఆమె చెప్పి పంపింది. గార్డు అదే రాసింది. ఆ రోజు ములాఖత్‌లో పదిహేను నిమిషాలూ ఆమే మాట్లాడింది. జైలు తోటలో పాలకూర వేశామని, బియ్యంలో రాళ్లు ఎక్కువని, కుట్టుమిషన్ నేర్పిస్తున్నారని.

ఈ సంగతి కడపలో అన్న ఇంటికి చేరింది. అన్న కొడుకు శ్రీహర్ష వచ్చాడు. మంచి పిల్లవాడు, కాలేజీలో లెక్చరరు. "బాబాయ్, నువ్వు వేషాలు వేస్తే మేం సర్దుకున్నాం. ఇది సర్దుకునేది కాదు. నాన్న నిన్ను తాతగారి తద్దినానికి రావద్దంటున్నాడు" అన్నాడు. చెప్పడానికి అతనికే కష్టంగా ఉంది. పాణి అతనికి కాఫీ ఇచ్చి, "సరే నాన్నా, మీ నాన్న మనసు నొప్పించాలని కాదు" అన్నాడు. ఆ సంవత్సరం తద్దినం రోజు ఆయన ఒక్కడే పెన్నకు పోయి స్నానం చేసి, నీళ్లు వదిలి వచ్చాడు. ఇప్పటికీ అట్లాగే చేస్తున్నాడు. ఆ బాధ ఆయనకు తగ్గలేదు. దాని గురించి అడిగితే మాట మారుస్తాడు.

సత్ప్రవర్తన కింద కొంత తగ్గించి 2023 జనవరిలో ఆమెను వదిలిపెట్టారు. జైలు గేటు దగ్గర పాణి, చాంద్ బాషా, సకీనా నిలబడ్డారు. ఆమె ప్రొద్దుటూరుకు కాకుండా, నేరుగా తన ఊరికి పోదామంది. ఊళ్లో తన ఇంటికి పోలేదు, హేమలత ఇంటికి పోయింది. పాణి వీధిలో వేపచెట్టు కింద నిలబడ్డాడు.

హేమలత వాకిలి ఊడుస్తోంది. చీపురు ఆపి చూసింది.

"జైలు నుంచి వచ్చినా. ఇంగ జన్మలో కాయను. నీకు చెప్పాలని వచ్చినా" అంది అలివేలమ్మ.

"కాయకుంటే ఆయన లేచొస్తాడా?"

"రాడు."

"మల్ల నాకెందుకు చెప్తాండావు?"

అలివేలమ్మ ఆమె కళ్లలోకే చూస్తూ నిలబడింది. హేమలత, "వచ్చినావు, చెప్పినావు. ఇంగ పో" అని మళ్లీ ఊడ్చుకోవడం మొదలుపెట్టింది. అంతే. ఆ తర్వాత కూడా ఆమె అలివేలమ్మతో మాట్లాడలేదు. క్షమిస్తుందని అలివేలమ్మ ఎదురుచూడటం లేదు. "ఆమె కండ్లలోకి సూసి చెప్పినా. నా చేతనైంది అదొక్కటే" అని నాతో అంది.

పెళ్లి రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే జరిగింది. నోటీసు ముప్పై రోజులు బోర్డు మీద ఉంది. పాణి దగ్గర దస్తావేజులు రాయించుకున్నవాళ్లందరూ దాన్ని చదివారు. కొందరు నవ్వారు. ఒకాయన తన కాగితాలు తీసుకుని పక్క బల్లకు పోయాడు. మిగతా దస్తావేజు రాసేవాళ్లు మాత్రం చందాలేసుకుని పూలదండలు తెచ్చారు. నేను సాక్షి సంతకం పెట్టాను, అట్లా కుదిరింది. చాంద్ బాషా రెండో సాక్షి, సకీనా మూడో సాక్షి. సకీనా కుట్టిన జాకెట్టు వేసుకుని అలివేలమ్మ సంతకం పెట్టింది. జైల్లో నేర్చుకున్న సంతకం. అక్షరాలు గడి దాటి పోయాయి. సబ్‌రిజిస్ట్రారు ముద్ర వేశాడు.

మరుసటి సంవత్సరం పాణి గొంతు పై స్థాయికి పోవడం మానేసింది. రాణి వేషం వదిలేశాడు. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అలివేలమ్మ బలవంతపెట్టి ఆయనతో పల్లెల్లో పద్యాలు నేర్పించే పని మొదలుపెట్టించింది. ఇప్పుడు ఆదివారాల్లో ఇద్దరూ కలిసి పోతారు. ఆయన పద్యం చెప్తాడు. ఆమె డ్రస్సుల పెట్టె చూసుకుంటుంది, ఎవరికి కిరీటం వదులుగా ఉందో సరిచేస్తుంది. ఆయనకు షుగరొచ్చింది. పొద్దున పెన్న వైపు నడిపిస్తుంది. ‘సామీ’ అని పిలవడం మాత్రం మానలేదు.

పోయిన నెల వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒక రైతు తన కొడుకును నాటకానికి తీసుకొచ్చాడు, ఏదైనా పెద్ద వేషం ఇమ్మని పట్టుబడుతున్నాడు. పాణి మొహమాటానికి ఊ అంటున్నాడు. లోపల్నుంచి అలివేలమ్మ రాగిసంగటి ముద్దలు చేస్తూనే గట్టిగా పలికింది.

"ఆ పిల్లోనికి శ్రుతి లేదప్పా. సామి చెప్పలేడు, నేను చెప్తాండా. ఆర్నెల్లు కూర్చోబెట్టి నేర్పిస్తే అప్పుడు సూద్దాం. ఈ లోపల సేనాధిపతి వెనకాల బల్లెం పట్టుకోనీ."

రైతు పాణి వైపు చూశాడు. పాణి తల ఊపి, "ఆమె చెప్పిందే నా మాట" అని, నా కోసం పీట వాల్చి, "సంగటి చల్లారిపోతుంది, కూర్చోండి" అన్నాడు.